విజయనగరంలో లాప్‌టాప్, బృందగానం, ఖద్దరు తెర: నిన్నటి కచేరీకి వెళ్ళినవాళ్ళు ఏమంటారు?

కోటజంక్షన్ | ఆదివారం, ఉదయం 7:40

నిన్న సాయంత్రం మన ఊళ్ళో జరిగిన కచేరీకి ఇక్కడివాళ్ళు ఎవరైనా వెళ్ళారా? వెళ్ళనివాళ్ళ కోసం చెప్తున్నాను. వేదిక మీద ఎడమవైపు బల్ల, దాని మీద లాప్‌టాప్, రెండు సింథసైజర్లు, చిన్న మిక్సర్. మధ్యలో మెట్లుగా పేర్చిన బల్లల మీద ముప్పై మంది దాకా గాయకులు, ఆడా మగా కలిపి. వాళ్ళకి ముందు పైనుంచి నేలదాకా వేలాడుతున్న పల్చటి తెల్లగుడ్డ. దాని మీద బొమ్మలు. కొన్ని కంప్యూటర్లోంచి వస్తున్నవి, కొన్ని ఒకావిడ అక్కడికక్కడే గాజుపళ్ళెంలో రంగునీళ్ళు కలుపుతుంటే పడుతున్నవి.

ముందు తిట్టాల్సింది తిట్టేస్తాను. టికెట్ మీద ఆరున్నర. జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, శాలువాలు, జ్ఞాపికలు అన్నీ అయ్యేసరికి ఏడుంబావు. అంతసేపూ పాడేవాళ్ళు తెర వెనక నిలబడే ఉన్నారు. వయసు మళ్ళిన ఇద్దరు ఆడవాళ్ళు బల్ల అంచున చతికిలబడ్డారు. ఎవరికీ పట్టలేదు.

పాట మొదలయ్యాక మాత్రం ఒళ్ళు జలదరించింది. హాలంతా చీకటి. సబ్‌వూఫర్లోంచి షడ్జం ('స' స్వరం), ఎంత కిందనుంచి అంటే చెవికంటే ముందు కుర్చీకి తెలిసింది. దాని మీద ఆడవాళ్ళు ఒక్కొక్కరే 'ఆ' అంటూ అందుకున్నారు. అందరి గొంతులూ కలిసేసరికి వెనక దీపాలు వెలిగాయి. అప్పటిదాకా గోడ అనుకున్నదాని అవతల మనుషులు!

రెండో అంశం నుంచి ఏదో తేడా కొట్టింది. పాట ఒక దారి, దరువు ఒక దారి. దానికితోడు వూం వూం అని ఊగుతూ ఒక మోత. అది కావాలని పెట్టిందా, లోపమా? చివరి అరగంట మళ్ళీ పైకి లేచింది. మధ్యలో ఏం జరిగిందో తెలిసినవాళ్ళుంటే చెప్పండి.

పాతతంబూరా | ఆదివారం, ఉదయం 8:25

నేను వెళ్ళలేదు. మనవడు ఫోన్లో చూపించబోతే రెండు నిమిషాల్లో తీసెయ్యమన్నాను.

1919లో విజయరామ గానపాఠశాల పెట్టిన ఊరు ఇది. ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి ప్రిన్సిపాలు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు అక్కడే ఫిడేలు నేర్పారు, 1936లో ఆయనే ప్రిన్సిపాలయ్యారు. ఘంటసాల, సుశీల ఆ గోడల మధ్య చదువుకున్నవాళ్ళే. దాసుగారు రెండు చేతులా రెండు తాళాలు, రెండు కాళ్ళా రెండు తాళాలు వేస్తూ, నోటితో పాడుతూ అయిదో లయ నడిపేవారని పెద్దలు చెప్పేవారు. ఇప్పుడు ఒక్క తాళం వెయ్యడానికి కంప్యూటరు కావాల్సి వచ్చింది. దాన్ని కచేరీ అంటున్నారు.

బొబ్బిలిబావ | ఆదివారం, ఉదయం 9:02

మాస్టారూ, నమస్కారం. కోప్పడకండి, ఒక్క మాట. ద్వారం వారి చేతిలో ఫిడేలు మా బొబ్బిలి పనసచెట్టుకి కాసిందాండీ? మా పక్క గొల్లపల్లిలో ఒకే పనసదుంగలోంచి వీణ మొత్తం తొలుస్తారు, అది మనది. ఫిడేలు పడవెక్కి వచ్చింది. వచ్చి నాలుగు తరాలు మన ఇళ్ళలో అన్నం తింది కాబట్టి ఇప్పుడు మనదే అంటున్నాం.

ఇంకోటి. మీ ఇంట్లో కరెంటు శ్రుతిపెట్టె లేదని ఒట్టెయ్యండి చూద్దాం.

కోటజంక్షన్ | ఆదివారం, ఉదయం 9:15

బావ చెప్పినదానికి తోడు ఇంకోటి. ఈ ఎలక్ట్రానిక్ సంగీతం మనదేశానికి నిన్నమొన్న వచ్చిందేం కాదు మాస్టారూ. 1969లోనే అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మూగ్ సింథసైజర్‌తో స్టూడియో పెట్టారు. డేవిడ్ ట్యూడర్ అనే అమెరికన్ సంగీతకారుడు వచ్చి దాన్ని నిలబెట్టాడు. గీతా సారాభాయి లాంటి, మన సంప్రదాయం క్షుణ్ణంగా తెలిసినవాళ్ళు అందులో కూర్చుని టేపుల మీద పనిచేశారు. అప్పటికి మా నాన్నకి పెళ్ళి కూడా కాలేదు.

పాతతంబూరా | ఆదివారం, ఉదయం 11:30

శ్రుతిపెట్టె ఉంది. లేదని ఎందుకంటాను? కానీ అది ఒక మూల కూర్చుని షడ్జ పంచమాలు చెప్తుంది. నా వెనక ఉంటుంది తప్ప తన వెనక రమ్మని నన్ను లాగదు. మీ యంత్రం లాగుతుంది.

నిన్న పాడినవాళ్ళెవరైనా ఇక్కడ ఉంటే ఒక్క ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పండి. తాళం ఎవరి చేతిలో ఉంది?

నాగావళి_ఆల్టో | ఆదివారం, మధ్యాహ్నం 2:10

మాస్టారూ, నేను పాడాను. రెండో వరసలో కుడివైపు నుంచి మూడో మనిషిని. మాది శ్రీకాకుళం, చర్చి కాయిర్‌లో చిన్నప్పటి నుంచి ఆల్టో పాడతాను. మా పక్క కెనడియన్ బాప్టిస్టు మిషన్ కాలం నుంచి నాలుగు గొంతుల పాట ఉంది: ఆడవాళ్ళ పై గొంతు సోప్రానో, కింది గొంతు ఆల్టో, మగవాళ్ళ పై గొంతు టెనర్, కింది గొంతు బాస్. నిన్నటి బృందంలో సగం మంది మాలాంటివాళ్ళు. మిగతా సగం మీ సంగీత కళాశాలలో చదివినవాళ్ళు, చదువుతున్నవాళ్ళు.

మీ ప్రశ్నకి జవాబు: మొదటి అంశంలో తాళమే లేదు. రెండు, మూడు అంశాల్లో లాప్‌టాప్ చేతిలో ఉంది. చివరి రెండింటిలో మా చెయ్యి ఊపే ఆయన చేతిలో ఉంది. తేడా మీ అందరికీ కిందనుంచి వినపడిందంటే ఆశ్చర్యం లేదు, మాకు పైన గొంతులోనే తెలిసింది.

క్లిక్ అని ఒకటుంటుంది. టిక్ టిక్ టిక్ అని లాప్‌టాప్ నుంచి చెవిలోకి వస్తుంది. అది మా కండక్టర్ ఒక్కరికే ఇచ్చారు. ఆయన దాన్ని వింటూ చెయ్యి ఊపుతారు, మేం చెయ్యి చూసి పాడతాం. రిహార్సల్ గదిలో బాగానే ఉంది. నిన్న ముప్పావుగంట నిలబడి, గొంతులు ఎండిపోయి, చెమటలు కక్కుతూ మొదలుపెట్టాం. రిహార్సల్‌లో ఒక్క ఊపిరిలో పాడిన చరణానికి నిన్న మధ్యలో ఇంకో ఊపిరి కావాల్సి వచ్చింది. ఆయన మామూలుగా అయితే చూసి అర క్షణం ఆగేవారు. చెవిలో టిక్ ఆగనివ్వదు. చరణం చివర్లో మాకు ఊపిరి అందక అక్షరాలు మింగేశాం. "పాట ఒక దారి, దరువు ఒక దారి" అన్నారే, అదే.

కేబుల్‌వాలా | ఆదివారం, మధ్యాహ్నం 3:05

మిక్సర్ దగ్గర కూర్చున్నది నేనే. కొంచెం వివరంగా రాస్తాను, ఓపికున్నవాళ్ళు చదవండి.

ఆల్టో గారు చెప్పింది నిజం. దానికి తోడు దూరం ఉంది. గాలిలో ధ్వని సెకనుకి సుమారు 343 మీటర్లు వెళ్తుంది, అంటే మీటరుకి మూడు మిల్లీసెకన్లు. పెద్ద స్పీకర్లు వేదికకి ముందున్నాయి. వెనక వరస వాళ్ళు వాటికి ఏడెనిమిది మీటర్ల వెనక ఉన్నారు, అదీ స్పీకర్ల వీపు వైపు. దరువు వాళ్ళకి చేరేసరికి ఇరవై మిల్లీసెకన్ల పైన ఆలస్యం, అంచులు అరిగిపోయి చేరుతుంది. వాళ్ళు దాన్ని విని పాడితే వెనకబడతారు. చెయ్యి చూసి పాడితే చెవీ కన్నూ కొట్టుకుంటాయి. దీనికి మందు వరసకొక మానిటర్, అంటే పాడేవాళ్ళ వైపే తిప్పిపెట్టే స్పీకర్. మాకు దొరికినవి రెండు, కావాల్సినవి నాలుగు.

గొంతును లాప్‌టాప్‌లోకి పంపి మార్చి బయటికి వదిలే చోట ఇంకో ఆలస్యం. లాప్‌టాప్ ధ్వనిని సెకనుకి 48,000 శాంపిళ్ళుగా ముక్కలు చేస్తుంది, 256 ముక్కలు పోగయ్యాక పంపేలా బఫర్ పెడితే ఒక దాటుకి అయిదు మిల్లీసెకన్ల పైచిలుకు. లోపలికి ఒకటి, బయటికి ఒకటి. ఇంకా తగ్గించవచ్చు కానీ ఆ రంగుల సాఫ్ట్‌వేర్ కూడా అదే లాప్‌టాప్‌లో నడుస్తుంటే చిటపటలు మొదలవుతాయి. అందుకే బొమ్మలకి వేరే లాప్‌టాప్ పెట్టాం.

ఇక వూం వూం. అది మేం పెట్టింది కాదు. అతిథుల కోసం వేదిక చుట్టూ సీరియల్ లైట్లు బిగించారు, ప్రొజెక్టర్‌కి కూడా అదే లైన్లోంచి కరెంటు లాగారు. మా మిక్సర్ వేరే లైన్లో. రెండు చోట్ల ఎర్తింగ్ అయితే మధ్యలో హమ్ పుడుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, హమ్‌లో 50, 100 రెండూ ఉంటాయి. నిన్నటి శ్రుతి అయిదు, కీబోర్డు లెక్కలో G. అంటే కింది షడ్జాలు 49, 98. పక్కపక్కనే ఉన్న రెండు స్వరాలు కలిసి మోగితే వాటి తేడా ఎంతో సెకనుకి అన్నిసార్లు ఊగుతుంది. 49కీ 50కీ ఒకటి, 98కీ 100కీ రెండు. శ్రుతి వేరేదైతే ఉత్త గుర్రుమనే మోత వచ్చి అందరూ తిట్టేవారు. నిన్న శ్రుతికి అంటుకుని వచ్చింది కాబట్టి సగం మంది ఎఫెక్ట్ అనుకున్నారు. నా వెనక వరసలో ఒకాయన "ఆహా" అన్నారు కూడా.

మూడో అంశం అయ్యాక లైట్ల ప్లగ్గు పీకించాం. మోత పోయింది.

బొబ్బిలిబావ | ఆదివారం, మధ్యాహ్నం 3:20

అయితే నిన్నటి కచేరీలో విద్యుత్ శాఖ వారి సహకార వాద్యం కూడా ఉందన్నమాట. వారికీ ఒక శాలువా కప్పాల్సింది.

పాతతంబూరా | ఆదివారం, సాయంత్రం 5:45

కేబుల్‌వాలా గారూ, మీరు చెప్పింది అర్థమైంది. కానీ మనవడి చేత మళ్ళీ పెట్టించుకుని విన్నాను. మీ కరెంటు మోత సంగతి సరే. అది కాక ఇంకోటి ఉంది. రెండో పాట మోహన రాగంలో ఉంది. షడ్జం, రిషభం, పంచమం దగ్గర బాగానే ఉంది. గాంధారం ('గ') మీద నిలబడినప్పుడల్లా వాద్యానికీ గొంతుకీ పేచీ. ధైవతం దగ్గర కొంచెం. కరెంటు మోత అయితే అన్ని స్వరాల కిందా ఒకేలా ఉండాలిగా?

కేబుల్‌వాలా | ఆదివారం, రాత్రి 7:10

మాస్టారూ, ఫోన్లో విని పట్టేశారు. మీరు చెప్పింది అక్షరాలా అదే.

తంబూరా మీద పాడేవాళ్ళ అంతర గాంధారం, షడ్జం నాలుగు పాళ్ళయితే తను అయిదు పాళ్ళ లెక్కలో కూర్చుంటుంది. స్వరాల మధ్య దూరాన్ని సెంట్లలో కొలుస్తారు, ఆ లెక్కన 386 సెంట్లు. కీబోర్డులో అదే మీట 400 సెంట్లు. తేడా 14. అయిదు శ్రుతిలో మగవాళ్ళ గాంధారం 245 హెర్ట్జ్ అయితే సింథసైజర్ది దాదాపు 247. అంటే ఇదీ సెకనుకి రెండుసార్లే ఊగుతుంది! పై స్థాయిలో ఆడవాళ్ళకి నాలుగు. హమ్మూ ఇదీ ఒకే వేగంలో ఊగేసరికి హాల్లో ఏది ఏదో తెలియలేదు.

సింథ్‌లో ఏ స్వరానికి ఆ స్వరం విడిగా దించుకోవచ్చు, దించాం కూడా. కానీ రెండో అంశంలో ఒక పొర మాత్రం ముందే రికార్డు చేసి తెచ్చిన ఆడియో. దాంట్లో గాంధారం గడ్డకట్టి ఉంటుంది, దించడానికి లేదు.

నాగావళి_ఆల్టో | ఆదివారం, రాత్రి 8:00

గాంధారం గొడవ మాలో మాకే జరిగింది మాస్టారూ. చర్చిలో మేం పుట్టినప్పటి నుంచి కీబోర్డు పక్కన పాడినవాళ్ళం, మా గాంధారం కొంచెం పైన ఉంటుంది. కళాశాల అమ్మాయిలది తంబూరా గాంధారం. మొదటి రిహార్సల్‌లో ఒకరివైపు ఒకరు అనుమానంగా చూసుకున్నాం. వాళ్ళు మమ్మల్ని శ్రుతి లేదనుకున్నారు, మేం వాళ్ళు జారుతున్నారనుకున్నాం. ఇంకో పక్క వాళ్ళు స్వరానికి కంపితం ఇస్తారు, మేం గీత గీసినట్టు నిలబెడతాం. పది మంది కంపితం పది రకాలుగా ఉంటే నాలుగు గొంతుల పొందిక చెదిరిపోతుంది.

మా కండక్టర్ ఏం చేశారంటే కీబోర్డుకి గుడ్డ కప్పేశారు. కొన్నాళ్ళు తంబూరా ఒక్కదాని మీదే, ఒక్కొక్క స్వరం మీద నిలబడటమే పని. కంపితం పాట నడిచేచోట ఉంచి, అందరం కలిసి నిలిచేచోట తీసేశారు. ఒకరోజు సాయంత్రం గాంధారం మీద నిలబడితే ఎవరూ పాడని పై స్వరం ఒకటి గదిలో వినపడింది. అందరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. శ్రుతి కుదిరితే అలా వస్తుందట. ఆ తర్వాత ఎవరి గాంధారం ఒప్పు అన్న మాట మళ్ళీ రాలేదు.

పాతతంబూరా | సోమవారం, ఉదయం 6:15

మంచి పని చేశాడు మీ కండక్టరు.

ఇది కొత్త తగాదా కాదమ్మా. 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని నిషేధించింది ఇలాంటి కారణాలతోనే. మీటల స్వరాలు కదలవు, గమకం పలకదు, శ్రుతి మనది కాదు అని. 1971లో గానీ ఆ కట్టు సడలలేదు, అదీ పూర్తిగా కాదు. ఈలోగా మన నాటకాలవాళ్ళూ భజనలవాళ్ళూ హార్మోనియాన్ని వదిలింది లేదు. పద్యం పాడేవాడు తన గాంధారం తను పాడుకున్నాడు, హార్మోనిస్టు ఆ చోట గాలితిత్తి నెమ్మదించి తప్పుకునేవాడు. వాద్యం తప్పుకోవడం నేర్చుకుంటే పేచీ లేదు. మీ లాప్‌టాప్‌కి తప్పుకోవడం వచ్చా?

కేబుల్‌వాలా | సోమవారం, ఉదయం 9:40

వచ్చు మాస్టారూ. చివరి రెండు అంశాల్లో జరిగింది అదే. విరామంలో క్లిక్ తీసేశారు. లాప్‌టాప్ వాయించే కుర్రాడు పొరలన్నీ చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, కండక్టర్ చెయ్యి చూస్తూ ఒక్కో ముక్కా చేత్తో వదిలాడు. దరువు నడిచేచోట వేలితో మీట కొడుతుంటే ఆ వేగాన్ని యంత్రం అందుకుంటుంది. వాళ్ళు ఊపిరి తీసుకుంటే అతనూ ఆగాడు. ముందే ఉడికించి తెచ్చిన పొర మొత్తం ఆపేశాడు. చప్పుడు సగం తగ్గింది, కోటజంక్షన్ గారికి "పైకి లేచినట్టు" అనిపించింది.

గొంతులు యంత్రంలా మాట్లాడిన చోటు గుర్తుందా, నాలుగో అంశంలో? అది వోకోడర్. 1930లలో బెల్ ల్యాబ్స్‌లో హోమర్ డడ్లీ టెలిఫోన్ల కోసం కనిపెట్టాడు. గొంతును పట్టీలు పట్టీలుగా విడదీసి, ఏ పట్టీలో ఎంత బలం ఉందో కొలిచి, ఆ కొలతలను సింథసైజర్ స్వరానికి తొడుగుతుంది. పాడేది ఆగితే సింథసైజర్ కూడా నోరు మూస్తుంది. మీరన్న తప్పుకోవడం దాని పుట్టుకలోనే ఉంది.

ఆమదాలవలస_గుంటడు | సోమవారం, మధ్యాహ్నం 1:30

అందరూ గాంధారం గురించి మాటాడేస్తన్నారు, నానొకటి అడగాల. ఏటనుకోకండి.

ఆకరి పాటలో తప్పెటగుళ్ళు ఇనిపించినాయి కదా. మా అయ్య తప్పెటగుళ్ళు ఆడతాడు. రేకు తప్పెట గుండెలకి కట్టుకోని, కాళ్ళకి గజ్జెలు కట్టుకోని, పదైదు ఇరవై మంది ఒక్కసారి ఎగిరి దిగితే నేల అదురుతాది. ఒకడు పాట ఎత్తుకుంటాడు, మిగిలినోళ్ళు అందుకుంటారు. మీరన్న బృందగానం మా ఊళ్ళో ఎప్పట్నుంచో ఉన్నాది, చెయ్యి ఊపీవోడు లేడంతే.

మొన్న స్టేజీ మీద తప్పెటగుళ్ళోళ్ళు ఒక్కడు లేడు. సప్పుడు మాత్రం స్పీకర్లోంచి వచ్చీసింది. రెండు బెత్తెల ముక్క కోసి అదే తిప్పి తిప్పి ఏసినారు. మావోళ్ళు మెల్లగా మొదలెట్టి వేగం పెంచుకోని పోతారు, సివరికొచ్చేసరికి సూసీవోడికి ఊపిరాడదు. మీరేసిన ముక్క ఎక్కడ మొదలయ్యిందో అక్కడే ఉన్నాది. మనిషికి వెయ్యో రెండువేలో సేతిలో పెట్టి రికార్డు సేసుకోని ఎలిపోయుంటారు. శాలువాలు మాత్రం వేరేవోళ్ళకి.

కేబుల్‌వాలా | సోమవారం, మధ్యాహ్నం 2:15

తమ్ముడూ, డబ్బులు నువ్వన్నదానికంటే ఎక్కువే ఇచ్చారు. కానీ ఒక్కసారికే ఇచ్చారు. ఆ ముక్క ఇంకెన్ని కచేరీల్లో వాడినా మళ్ళీ ఇస్తామన్న కాగితం ఏదీ లేదు. తీసుకురాకపోవడానికి కారణం ఖర్చొక్కటే కాదు, వాళ్ళ వేగం పెరిగే తీరుకి లాప్‌టాప్‌ని ఎలా కట్టాలో అప్పటికి తెలియలేదు.

నాగావళి_ఆల్టో | సోమవారం, మధ్యాహ్నం 2:50

చివరి పాటలో మేం పాడుతున్నది వాళ్ళ పాటకి పై పాట. వాళ్ళు ఎదురుగా ఉంటే మేం ఇంకోలా పాడేవాళ్ళం. స్పీకర్లో ఉన్న మనిషికి ఎవరూ జవాబు పాడలేరు. ఆ అబ్బాయి అడిగినదాన్లో తప్పేం లేదు.

కోటజంక్షన్ | సోమవారం, సాయంత్రం 4:30

జముకు కూడా రికార్డింగేనా? మూడో అంశం మొదట్లో కింద జారుతూ వచ్చిన ఆ మోత జముకుల కథలో జముకులాగే అనిపించింది.

కేబుల్‌వాలా | సోమవారం, సాయంత్రం 4:55

అది రికార్డింగ్ కాదు, జముకే. వేదిక వెనక ఒకాయన కూర్చుని వాయించారు. చర్మం మధ్యలోంచి లాగిన నరాన్ని మీటుతూ బిగువు మారుస్తుంటే స్వరం జారుతుంది. మైకు పెట్టి సబ్‌వూఫర్‌కి పంపితే ఏ సింథసైజర్ బేసూ దాని ముందు నిలవలేదు. ఆయన్ని వెనక ఎందుకు కూర్చోబెట్టారంటే చెప్పుకోదగ్గ జవాబు నా దగ్గర లేదు. తెరకి అడ్డమట.

రంగులసీసా | సోమవారం, రాత్రి 9:20

తెర మాట వచ్చింది కాబట్టి వచ్చాను. రంగునీళ్ళు కలిపింది నేనే. జముకు ఆయన్ని వెనక పెట్టమన్నది నేను కాదు, అది ముందే రాసిపెట్టుకోండి.

ఆ గుడ్డ పొందూరు ఖద్దరు. మామూలు ప్రొజెక్టర్ తెర అయితే వెలుతురు మొత్తం వెనక్కి కొట్టేస్తుంది, అవతల మనుషులు ఎప్పటికీ కనపడరు. నైలాన్ నెట్ వేసి చూశాం. బొమ్మ దాని మీద ఆగకుండా మనుషుల మొహాల మీద పడింది, మెరుపొకటి. పొందూరులో దూదిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ పళ్ళ వరస అంత సన్నం, నూలు అంత నున్నగా వస్తుంది. కానీ చేతి వడుకు కాబట్టి దారం ఎక్కడా ఒకే మందంలో ఉండదు. ముందునుంచి వెలుతురు వేస్తే గోడ, వెనకనుంచి వేస్తే కిటికీ. దగ్గరికొచ్చి చూస్తే బొమ్మ నూలుపోగుల మీద సన్నగా వణుకుతున్నట్టుంటుంది, ఏ సాఫ్ట్‌వేరూ ఆ వణుకు ఇవ్వదు. నాలుగు పన్నాలు చేత్తో కలిపి కుట్టాం. ధర అడక్కండి.

కంప్యూటర్ బొమ్మల సంగతి. చాలాచోట్ల చూస్తాం, చప్పుడు పెరిగితే గుండ్రం పెద్దదవుతుంది, తగ్గితే చిన్నదవుతుంది. రెండు నిమిషాలకి విసుగు. మేం అచ్చులు పట్టుకున్నాం. గొంతు 'ఆ' అంటే ధ్వని బలం సుమారు 700, 1100 హెర్ట్జ్ దగ్గర ముద్దగా ఉంటుంది. 'ఈ' అంటే రెండుగా చీలి ఒకటి 300 దగ్గర, ఇంకోటి 2,300 దగ్గర. ఆ ముద్దలు ఎక్కడున్నాయో లెక్కకట్టి టచ్‌డిజైనర్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌కి పంపితే, 'ఆ'కి రంగు మధ్యలో విచ్చుకుంటుంది, 'ఈ'కి రెండు అంచులకీ పారుతుంది. అంటే పాటలోని మాట బొమ్మను నడుపుతుంది. రెండో అంశంలో పాడేవాళ్ళు అక్షరాలు మింగేశారని ఆల్టో అక్క రాశారు కదా, ఆ క్షణంలో నా తెర కూడా బురద అయిపోయింది.

గాజుపళ్ళెం ఎందుకంటే కంప్యూటర్ తడబడినప్పుడు ఏదో ఒకటి తెర మీద ఉండాలి. ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్, పాత కాలేజీ సామాన్లలో దొరికింది. నీళ్ళు, రంగు, ఆముదం. సబ్‌వూఫర్ పలికినప్పుడు బల్ల అదిరి నీళ్ళ మీద వలయాలు వచ్చాయి, అవి పదడుగుల ఎత్తున తెర మీద కనపడ్డాయి. అది నేను అనుకుని చేసింది కాదు గానీ జనం చప్పట్లు కొట్టింది దానికే.

బొబ్బిలిబావ | సోమవారం, రాత్రి 9:45

ఆముదం వాడారా! అందుకే ముందు వరసలో కూర్చున్న మా ఆవిడ అమ్మమ్మ గుర్తొచ్చింది అంది.

ఒక సందేహం అమ్మా. సీతంపేట సవర బొమ్మలు ఎంత బాగుంటాయి, మనుషులూ జంతువులూ వరసలు వరసలుగా. అవి కదిలితే తెర మీద అదిరిపోవును కదా. ఎందుకు వాడలేదు? జిల్లా విడిపోయి మన్యంలోకి వెళ్ళిపోయిందని వదిలేశారా?

రంగులసీసా | సోమవారం, రాత్రి 10:05

అడగనివాళ్ళు లేరు. సవర ఇళ్ళలో ఆ బొమ్మ అలంకారానికి వేసేది కాదు. పెద్దలకీ దేవతలకీ మొక్కుగా, తంతుతో వేస్తారు. దాన్ని తీసుకొచ్చి బీటుకి గంతులేయించడం నాకు మనసొప్పలేదు. సవర చిత్రకారులు ఎవరైనా వచ్చి, ఏది చూపించవచ్చో ఏది కూడదో వాళ్ళే చెప్పి, వాళ్ళే గీస్తే అది వేరే మాట.

పాతతంబూరా | మంగళవారం, ఉదయం 6:40

రంగులసీసా అమ్మాయి మాట నాకు నచ్చింది.

శ్రీకాకుళంలో మళ్ళీ చేస్తారని మనవడు చెప్పాడు. నిజమేనా?

కేబుల్‌వాలా | మంగళవారం, ఉదయం 10:20

అనుకుంటున్నాం మాస్టారూ. బాపూజీ కళామందిర్ అయితే బాగుంటుందని నా ఉద్దేశం, ఇంకా అడగలేదు. మా వాళ్ళందరం నిన్న రాత్రి కూర్చుని ఈ పోస్టులన్నీ పైకి చదువుకున్నాం. క్లిక్ వద్దని అందరూ ఒప్పుకున్నారు. మానిటర్లు నాలుగు, కరెంటు లైను ఒక్కటే, లైట్లవాళ్ళని ఆ లైను దగ్గరికి రానివ్వం. సభ పెట్టాలనుకుంటే కచేరీ అయ్యాక పెట్టుకోమంటాం. దీని మీద మాత్రం కమిటీలో రెండు వర్గాలున్నాయి, చెప్పలేను.

జముకు ఆయన ముందుకొస్తారు. తప్పెటగుళ్ళ బృందాన్ని పిలుద్దామన్నాం. వేగం వాళ్ళది, వేలితో మీట కొట్టి అందుకోవడం మా కుర్రాడి పని. రిహార్సల్‌లో రెండుసార్లు కుదరకపోతే ఆ పాటలో లాప్‌టాప్ షడ్జం ఒక్కటే పట్టుకుని ఊరుకుంటుంది. పాత రికార్డింగ్ వాడకానికి కూడా కాగితం రాస్తాం.

మాస్టారూ, మీరు ఒక్క రిహార్సల్‌కి వచ్చి గాంధారం వింటారా? ఆటో పంపిస్తాం.

పాతతంబూరా | మంగళవారం, సాయంత్రం 6:00

ఆటో వద్దు, మనవడి బండి ఉంది. ఉదయం పూటే వస్తాను. దరువు లేనప్పుడు వింటాను, దరువు మొదలెడితే లేచి వచ్చేస్తాను, ఎవరూ ఏమీ అనుకోకూడదు. తంబూరా నాది తెస్తాను. మీ దగ్గరున్నది తీగలు మార్చి ఎన్నాళ్ళయిందో ఆ రికార్డింగ్‌లోనే తెలిసింది.

ఆమదాలవలస_గుంటడు | మంగళవారం, రాత్రి 8:35

మా అయ్యకి ఇదంతా సదివి ఇనిపించినాను. నవ్వినాడు. మూడు ముక్కలు అడగమన్నాడు. ఎంతసేపు ఆడాల? ఆ గుడ్డ ఎనకాల ఆడాలా ముందు ఆడాలా, ఎనకాలయితే రామన్నాడు. ఇరవై మందికి బస్సు ఛార్జీలు ముందిస్తారా?

కేబుల్‌వాలా | మంగళవారం, రాత్రి 8:50

ఇరవై నిమిషాలు. గుడ్డకి ముందు, నేల మీద, బల్లలు లేకుండా. ఛార్జీలు ముందే, భోజనాలు మావి. అయ్యగారి నంబరు ఇక్కడ పెట్టకు తమ్ముడూ, నాకు విడిగా పంపు. గజ్జెలు మాత్రం మీవే తెచ్చుకోండి.